విలన్ అనుచరుడి మీద జాలి పుడుతోంది, భయం పోతోంది. ఎక్కడ సరిచేయాలి?

బొగ్గుపెన్సిల్
హారర్ కామిక్ ఒకటి నడుస్తోంది. 6 సంచికలు, ఒక్కోటి 22 పేజీలు. స్క్రిప్టు 4 దాకా, బొమ్మలు 2 దాకా అయ్యాయి. కథంతా మూతపడ్డ బాయిల్డ్ రైస్ మిల్లులో. విలన్ ఎప్పుడో చచ్చిపోయిన మేనేజరు, బాయిలర్ గది దాటి రాలేడు. బయటి పనులన్నీ చేసిపెట్టేది చంటి అనే 19 ఏళ్ళ కుర్రాడు. చిన్నప్పుడు చంటిని వాళ్ళ నాన్న ఊక గదిలోకి తోసి గడియ పెట్టేవాడు.

ఈ పాత కథంతా 2వ సంచికలో 7 పేజీల ఫ్లాష్‌బ్యాక్‌గా ఉంది. చదివినవాళ్ళలో సగంమంది "పాపం చంటి" అంటున్నారు, వాడు కత్తి పట్టుకుని వచ్చినా ఎవరికీ గుండె జారట్లేదు. మిగతా సగం "వాడు మేనేజరు మాట ఎందుకు వింటున్నాడో తెలియలేదు" అంటున్నారు. ఈ రెండూ ఒకే పాత్ర మీద ఎలా వస్తాయి? ఫ్లాష్‌బ్యాక్ తగ్గించాలా, పెంచాలా, తీసేయాలా?

నల్లసిరా
రెండు ఫిర్యాదులకీ వేరు ఒకటే. చంటి గాయం చూపించావు, మేనేజరుతో వాడికి కుదిరిన బేరం చూపించలేదు. నాన్న గడియ పెట్టాడు, సరే. మేనేజరు ఏమిచ్చాడు? తలుపు తీశాడా, నాన్నని లేకుండా చేశాడా, చీకట్లో తోడుగా మాట్లాడుతూ కూర్చున్నాడా? అది తెలియకపోతే చంటి రిమోట్‌తో నడిచే బొమ్మ. పోనీ జాలి కూడా ముందే పుట్టించేశావు, ఇక భయానికి చోటెక్కడిది?

లాక్ అండ్ కీ తీసి శామ్ లెసర్ ఉన్న పేజీలు మాత్రమే వరసగా చదువు. 2008లో ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థలో మొదలైన సిరీస్, రచన జో హిల్, బొమ్మలు గాబ్రియేల్ రోడ్రిగ్స్. మొదటి సంచికలో శామ్ మనకి హంతకుడు, అంతకుమించి ఏమీ కాదు. ఆల్ గ్రబ్ అనేవాణ్ణి వెంటేసుకుని కాలిఫోర్నియాలో లాక్ కుటుంబం ఇంటికి వస్తాడు, రెండెల్ లాక్‌ని చంపుతాడు. ఆ రెండెల్ ఎవరు? స్కూల్లో కౌన్సెలరు, శామ్‌ని మనిషిగా చూసిన పెద్దాయన. శామ్ ఇంట్లో ఏం పడ్డాడో, ఆ తల్లిదండ్రులు ఎలాంటివాళ్ళో నింపాదిగా తెలిసేది తర్వాత, వాడు తప్పించుకుని, ఆ కుటుంబం వెళ్ళి చేరిన మసాచుసెట్స్ దాకా మనుషుల్ని చంపుకుంటూ వస్తున్నప్పుడు. అప్పటికే మన కళ్ళముందు ఒక శవం పడి ఉంది. ఎంత జాలి పడ్డా ఆ శవం లేచి వెళ్ళిపోదు కదా.

కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ తీసేయకు, జరుపు. 4వ సంచికకి.

టీగ్లాసు
ముందు కొట్టి తర్వాత బుజ్జగించడం. అచ్చం పాతకాలం ట్యూషన్ మాస్టారి పద్ధతి.

కాపలాదారు (మోడరేటర్)
ఇక్కడి నుంచి లాక్ అండ్ కీ కథ మొత్తం బయటపడుతుంది. చదవనివాళ్ళు వెనక్కి తిరగండి. తర్వాత వచ్చి "చెప్పేశారు" అని గోల పెడితే ఆ పోస్టు తీసేస్తా.

ఫ్రేముబయట
నల్లసిరా చెప్పిన బేరం సంగతి నిజం. దానికి ముందు మెట్టు ఒకటుంది. విలన్‌కి అనుచరుడు అసలెందుకు అవసరం? లాక్ అండ్ కీ విలన్ డాడ్జ్ మొదట్లో బావి గదిలో ఇరుక్కుని ఉంటాడు, గడప దాటలేడు. అందుకని బయట చేతులు కావాలి. ఆ చేతులే శామ్. డాడ్జ్ చేతికి ఎక్కడికైనా తీసుకెళ్ళే తాళంచెవి రాగానే ఆ అవసరం తీరిపోతుంది. ఆ తర్వాత శామ్ ఎంతసేపు బతుకుతాడు? దయ్యపు తలుపు గుండా తోసేస్తాడు, శరీరం ఇటు, ఆత్మ అటు. మొదటి సంపుటి ముగిసేలోపే పని అయిపోతుంది.

మీ మేనేజరు బాయిలర్ గది దాటలేడు అన్నారు, పునాది బాగుంది. మరి ఎప్పుడు దాటగలడు? ఆ పేజీ నంబరు ముందు రాసుకోండి. చంటి ఆయుష్షు అక్కడిదాకానే. చంటికి ఆ సంగతి తెలియదు, పాఠకుడికి తెలుసు. 3వ సంచిక చివర్లో పాఠకుడికి ఆ అనుమానం తగిలేలా చూడండి చాలు, ఆపైన చంటి చేసే ప్రతి పనిలోనూ భయం, జాలి రెండూ ఉంటాయి.

గోంగూరపచ్చడి
సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లో చూశా, నాకు ఇంత భయం వేయలేదే?

నల్లసిరా
@గోంగూరపచ్చడి అది వేరే లెక్క, కుటుంబంతో కూర్చుని చూసేలా చాలా మెత్తబరిచారు. మొదటి సంచిక కాగితం మీద చదువు. రెండెల్ భార్య నీనా గొడ్డలి పట్టే చోటు చదివాక మళ్ళీ ఇటు రా.

తలుపుసందు
శామ్‌ని ఆదర్శంగా పెట్టుకోవద్దని నా మాట. చంటి లాంటి పాత్రకి దగ్గరి చుట్టం అదే సిరీస్‌లో ఎల్లీ వీడన్.

శామ్ చంపడానికి సిద్ధమై వస్తాడు. ఎల్లీ అలా కాదు. స్కూల్లో పీటీ టీచరు, రూఫస్ అనే కొడుకు, పెంపకం పేరుతో నరకం చూపించిన తల్లి. చిన్ననాటి స్నేహితుడు లూకస్ తిరిగి రావాలని తానే బావి గదిలో పిలిచింది. వచ్చింది లూకస్ మొహం వేసుకున్న డాడ్జ్. ఆ తర్వాత వాణ్ణి తన ఇంట్లో దాచి, అన్నం పెట్టి, ఊళ్ళోవాళ్ళకి అబద్ధాలు చెబుతుంది. ఎందుకు? ఒకటి, కొడుకు ప్రాణం. రెండు, తలుపు తీసింది తానే అన్న తప్పు. మూడోది అందరూ వదిలేసేది: పెద్ద గొంతుతో ఎవరు ఆజ్ఞాపించినా తల దించడం ఆమెకి పసితనం నుంచి అలవాటు చేశారు. డాడ్జ్ కొత్తగా నేర్పాల్సిన పని లేదు, తల్లి వేసిన దారిలో నడిచాడు. చివరికి ఆమెని చంపేదీ వాడే.

గాయం ఉన్నవాడు చెడ్డవాడితో చేరడానికి రెండు దారులున్నాయి. శామ్‌ది "నన్ను గుర్తించినవాడి కోసం ఏమైనా చేస్తా" దారి. ఎల్లీది "చేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు" దారి. బొగ్గుపెన్సిల్, చంటిది ఏ దారో తేల్చు. ప్రస్తుతం రెండూ కలిపేశావని నా అనుమానం. అందుకే ఒక పేజీలో ఉత్సాహంగా కత్తి నూరుతున్నాడు, ఇంకో పేజీలో వణుకుతున్నాడు.

ఫ్రేముబయట
@తలుపుసందు ఎల్లీ మీద ఒప్పుకుంటా, శామ్‌ని తీసిపారేయడం మీద కాదు. శామ్ దగ్గర నేర్చుకోవాల్సిన కీలు ఒకటుంది, ఎల్లీలో అది అంత బలంగా లేదు. హత్యకి ముందెప్పుడో రెండెల్ పెద్దకొడుకు టైలర్ తన తండ్రి మీద కోపంతో శామ్‌తో ఒక మాట జారతాడు: మీ నాన్నని చంపే రోజు వస్తే మా నాన్ననీ చూసుకో, అన్న అర్థంలో. కుర్రాళ్ళు కోపంలో అనుకునే మాట. అది నిజమైపోయింది. ఆ తర్వాత టైలర్ మోసే బరువంతా ఆ మాటదే.

అంటే శామ్‌కి విలన్‌తో ఒక ముడి, హీరోతో ఇంకో ముడి. అనుచరుణ్ణి తీసేస్తే హీరో కథ కూడా కూలాలి. మీ కథలో చంటి లేకపోతే హీరోకి ఏం తగ్గుతుంది? "ఒక ఫైటు తగ్గుతుంది" అనేది జవాబైతే ఇంకా పని ఉంది.

టీగ్లాసు
మన మాంత్రికుల శిష్యుల సంగతేంటి మరి? పాతాళభైరవిలో సదాజపుడికి బాల్యంలో ఏం జరిగిందని ఎవరైనా అడిగారా? గురువు తిట్టినా "జీ గురూ".

తలుపుసందు
@టీగ్లాసు నవ్వులాటకి అన్నావు గానీ మనవాళ్ళు అనుచరుణ్ణి హాస్యానికే వాడారు. మాంత్రికుడి శిష్యుడు అనగానే పాఠకుడు నవ్వడానికి సిద్ధపడతాడు. చంటి మొదటి ప్యానెల్‌లో నవ్వొచ్చే ఒక్క చేష్ట ఉన్నా ఆ అచ్చులోకి జారిపోతాడు, జాగ్రత్త.

సైకిల్‌బెల్లు
వాకింగ్ డెడ్ (లేచి తిరిగే శవాల కథ) కామిక్‌లో డ్వైట్ పేరు ఇంకా రాలేదేంటి? బతికిపోయిన అనుచరుడు కావాలంటే వాడే. సంచిక 98లో దిగీదిగగానే హీరో రిక్ మనిషి అబ్రహామ్‌ని క్రాస్‌బోతో కొడతాడు, బాణం కంట్లోంచి బయటికి. వాడి సగం మొహం కాలి ఉంటుంది, ఎందుకో చెప్పరు. 105లో డ్వైట్ నాయకుడు, విలన్ నీగన్, మార్క్ అనేవాడి మొహం మీద ఇస్త్రీపెట్టె పెట్టడం రిక్ కొడుకు కార్ల్ నిలబడి చూస్తాడు. ఆ క్షణాన డ్వైట్ మొహం వెనక కథ మనకే తట్టేస్తుంది. భార్య షెర్రీ నీగన్ భార్యల్లో ఒకతి అయింది, దాటకూడని గీత దాటినందుకు ఈ శిక్ష.

డ్వైట్ కోసం వేరే ఫ్లాష్‌బ్యాక్ వేయకుండానే పని అయిపోయింది. ఇంకొకడికి ఇప్పుడు జరుగుతున్నది చూపించి ఇతనికి అప్పుడు జరిగింది చెప్పారు. బొగ్గుపెన్సిల్ 7 పేజీలకి ఇది మందు అవుతుందేమో చూడు.

నల్లసిరా
@సైకిల్‌బెల్లు మంచి పాయింటు. ఇంకోటి కలుపుతా. డ్వైట్ తర్వాత రిక్ వైపు మారడం మాటల్లో రుజువు కాదు. రిక్‌తో జరిగే యుద్ధంలో నీగన్ మనుషులు ఆయుధాలకి శవాల కుళ్ళు పూసి వాడతారు, గీత పడినా చావే. డ్వైట్ బాణం రిక్‌కి తగులుతుంది, రిక్ చావడు. బాణానికి ఏమీ పూయలేదు. "నేను మీ వైపే" అన్న మాటల బెలూన్ ఒక్కటి ఖర్చు కాలేదు. అనుచరుడి మనసు మారిందని చెప్పడానికి వస్తువు కావాలి, ప్రసంగం వద్దు.

గోంగూరపచ్చడి
డ్వైట్ ఆఖరికి బాగుపడ్డాడా?

సైకిల్‌బెల్లు
186లో రిక్ చేతిలోనే పోతాడు. బాగుపడటం, బతకడం వేరువేరు ఖాతాలు ఆ కామిక్‌లో.

మందులచీటీ
ఇంత చర్చలో స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అన్న మాట ఎవరూ వాడకపోవడం ఆశ్చర్యం, సంతోషం. వాడబోయేవాళ్ళ కోసం: ఆ పేరు 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో జరిగిన బ్యాంకు దోపిడీ నుంచి వచ్చింది, బందీలు 6 రోజులు లోపల ఉన్నారు. మానసిక వైద్యులు వాడే జబ్బుల పట్టిక డీఎస్ఎమ్‌లో అది రోగ నిర్ధారణగా లేదు. కథలో డాక్టరు పాత్ర చేత అనిపిస్తే తెలిసినవాళ్ళు నవ్వుతారు.

చంటికి పనికొచ్చేవి ఇవి. గాయం ఉన్న మనిషికి పాత సంఘటన సినిమాలా మొదటి నుంచి చివరిదాకా గుర్తుకు రాదు. ముక్కగా వస్తుంది: ఒక వాసన, ఒక చప్పుడు, చర్మం మీద ఒక స్పర్శ. ఆ ముక్క వచ్చినప్పుడు అది "అప్పుడు" అనిపించదు, "ఇప్పుడు" అనిపిస్తుంది. 7 పేజీలు వరసగా నీటుగా నడిచే ఫ్లాష్‌బ్యాక్ రచయితకి సౌకర్యం, చంటి బుర్రలో అలా ఉండదు. రెండోది, అలాంటివాళ్ళు ఎప్పుడూ ఏడుస్తూ వణుకుతూ ఉండరు. ఎక్కువసేపు మామూలుగానే ఉంటారు, కొన్ని చోట్ల అతి మామూలుగా. అరవాల్సిన చోట మొద్దుబారి నిలబడతారు. మూడోది, దెబ్బలూ దయా ఒకే చేతి నుంచి లెక్క లేకుండా వస్తుంటే ఆ చేతిని వదలడం మరీ కష్టం. మేనేజరు ప్రతిసారీ క్రూరంగా ఉంటే చంటి ఎప్పుడో పారిపోయేవాడు. మూడుసార్లు తిట్టి నాలుగోసారి "తిన్నావా నాన్నా" అనాలి. ఆ నాలుగోది ఎప్పుడొస్తుందో చంటికి తెలియకూడదు.

రబ్బరుముక్క
బొమ్మల వైపు నుంచి. "తిన్నావా నాన్నా" వచ్చే ప్యానెల్‌లో మేనేజరు మొహం వేయకండి, చంటి భుజాలు వేయండి. మాట చెవిన పడకముందు భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి, తర్వాతి ప్యానెల్‌లో ఒక్క అంగుళం దిగుతాయి. అదే కోణం, అదే దూరం, భుజాలు తప్ప ఏదీ మారకూడదు. కెమెరా మార్చారా, ఆ అంగుళం ఎవరికీ కనపడదు.

గది ప్లాను ముందే గీసుకోండి. రోడ్రిగ్స్ చదువుకున్నది ఆర్కిటెక్చర్, లాక్ కుటుంబం ఉండే కీహౌస్‌లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో పాఠకుడు నమ్మేలా ఉంటుంది. గాయం ఉన్న పాత్రకి అది ఇంకా అవసరం. చంటి ఏ గదిలోకి వెళ్ళినా వీపు గోడకి, చూపు తలుపుకి ఉండాలి. తలుపు ఎటుందో బొమ్మ వేసేవాడికే తెలియకపోతే చంటి ఎటు కూర్చుంటాడు? ప్లాను లేకుండా వేసినవాళ్ళ పేజీల్లో తలుపు ఒక ప్యానెల్‌లో కుడివైపు, ఇంకో ప్యానెల్‌లో ఎడమవైపు ఉంటుంది. అక్కడితో పాత్ర పోయినట్టే.

కళ్ళ కింద నల్లగీతలు, చిందరవందర జుట్టు, చేతుల మీద కోతలు... ఈ మూడూ కలిపి వేయకండి. ప్రతి కొత్త ఆర్టిస్టూ "దెబ్బతిన్న మనిషి" అనగానే వేసేది అదే.

ఫ్రేముబయట
రబ్బరుముక్క చెప్పిన ప్లాను మాట బంగారం. దానికి తోడు, గాయాన్ని వస్తువుగా మార్చగలిగితే కామిక్ మాత్రమే చేయగల పని అవుతుంది. అదే సిరీస్‌లో తలకి పెట్టే తాళంచెవి ఉంటుంది. టైలర్ చెల్లెలు కిన్సీ తన తల తెరిచి భయాన్నీ ఏడుపునీ బయటికి లాగి సీసాలో పెడుతుంది. చిన్న బొమ్మల్లాంటి జీవులవి. బయటికి తీశాక హాయిగా ఉండాలి కదా? భయం లేనిది ఎక్కడ ఆగాలో తెలియని పిల్ల అయిపోతుంది. మీ కథలో అలాంటి వస్తువు గడియే. కొత్తది కనిపెట్టక్కర్లేదు.

అరసున్నా
ఎవరూ లెటరింగ్ (బెలూన్లలో అక్షరాలు వేసే పని) ఊసెత్తరని తెలుసు, నేనే మొదలెడతా. పాత్ర సగం అక్కడే పాడవుతుంది.

ఇంగ్లిష్ కామిక్స్‌లో బెలూన్‌కి 25 మాటలు అన్న లెక్క మనకి పనికిరాదు. మన మాట పొడుగు, 12 దాటితే బెలూన్ మొహాన్ని మింగేస్తుంది. చంటికి ఇంకా తక్కువ, 5 లేదా 6. వాడు గుక్కతిప్పకుండా మాట్లాడే చోటు కథ మొత్తానికి ఒక్కటే ఉండాలి.

మనకి పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి అరుపు అంటే లావు ఫాంటు లేదా సైజు. మామూలు మాటకి మండలి, అరుపుకి రామభద్ర పెట్టి చూడండి, రెండూ ఉచితంగా దొరికేవే. వరసకీ వరసకీ మధ్య ఖాళీ అక్షరం సైజుకి 1.4 రెట్లు ఉంచండి. 1.2కి తగ్గిస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి గుద్దుకుంటాయి. అను ఫాంట్లలో టైపు చేసిన స్క్రిప్టు తెచ్చి నేరుగా అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి, ముందు యూనికోడ్‌కి మార్చుకోండి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టెక్స్ట్ ఇంజన్ వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చాలి, ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్. మార్చారో లేదో తెలియాలంటే "లక్ష్మి", "స్త్రీ" కొట్టి చూడండి. ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటే మారలేదు.

పిలుపులు కూడా బెలూన్ పనే. మేనేజరు చంటిని "నువ్వు", చంటి మేనేజరుని "మీరు", "సార్". చంటి ఒకేఒక్కసారి "నువ్వు" అనాలి. ఎక్కడో మీ ఇష్టం, 5వ సంచికకి ముందు మాత్రం వద్దు.

గోంగూరపచ్చడి
"లక్ష్మి" కొట్టి చూశా. విడిపోయింది. నా సిస్టమ్ కూడా గాయపడ్డ అనుచరుడే.

కంపోజింగ్ కామేశం
ప్రింటు వేస్తారా, ఫోన్‌లోనా? ఊక గది అంటే పేజీ నిండా నలుపు. ప్రింటుకైతే ఒట్టి నలుపు 100 శాతం పెట్టిన పెద్ద మచ్చ కాగితం మీద బూడిదగా కనిపిస్తుంది. సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపితే చిక్కటి నలుపు వస్తుంది, మొత్తం సిరా 240 శాతం. ఆర్ట్ పేపరు 300 దాకా తట్టుకుంటుంది, న్యూస్‌ప్రింట్‌కి 240 దాటితే ఆరక పక్క పేజీకి అంటుకుంటుంది. ప్రెస్సువాళ్ళ పరిమితి అడిగి ఫైలు చేయండి. బెలూన్లలో అక్షరాలకి, సన్నగీతలకి ఒట్టి నలుపు 100 మాత్రమే వాడాలి. నాలుగు రంగులు కలిపిన అక్షరం, ప్లేటు వెంట్రుకంత జరిగినా అంచుల్లో ఎర్రగా నీలంగా నీడలు వేస్తుంది. గీతలు 600 డీపీఐలో స్కాన్ చేయండి, బ్లీడు (కోతలో పోయే అంచు) 3 మిల్లీమీటర్లు.

ఇంకోటి. పుస్తకంలో 1వ పేజీ కుడివైపు వస్తుంది, కాబట్టి పేజీ తిప్పగానే కనిపించేవి సరి సంఖ్య పేజీలు. ఉలిక్కిపడే బొమ్మ సరి పేజీలో పైన ఉండాలి. బేసి పేజీలో పెడితే పాఠకుడు ఎడమ పేజీ చదువుతుండగానే ఓరకంటికి కనపడిపోతుంది. అంతా లెక్కగా పెట్టుకున్నాక చివర్లో "మా మాట" అని ఒక పేజీ ముందు ఇరికిస్తారు చూడండి, భయాలన్నీ బేసికి జరిగిపోతాయి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు 4 గుణిజాల్లో ఉండాలి. మీ 22కి ఇంకో 2 ఖాళీ ఉన్నాయి, "మా మాట" వెనక్కి నెట్టండి.

సైకిల్‌బెల్లు
ఫోన్‌లో అయితే పేజీ తిప్పడం ఉండదు. 800 పిక్సెళ్ళ వెడల్పు, ఉలిక్కిపడే బొమ్మ ముందు ఒక తెరంతా ఖాళీ నలుపు. వేలు జరుపుతున్నంతసేపూ భయం పేరుకుంటుంది. ఊక గదికి అది ప్రింటు కన్నా బాగా పడుతుంది.

బొగ్గుపెన్సిల్
అందరివీ చదివి మళ్ళీ కట్టా. ప్రింటే. చంటిది ఎల్లీ దారి కాదు, శామ్ దారి. బేరం: ఒక రాత్రి నాన్న గడియ పెట్టి మర్చిపోయి వెళ్ళిపోయాడు. గడియ తీసింది మేనేజరు, ఊక గది తలుపు బాయిలర్ గదిలోకే ఉంటుంది. ఆ తర్వాత నాన్న ఎవరికీ కనపడలేదు, చంటి అడగలేదు.

2వ సంచికలో ఫ్లాష్‌బ్యాక్ తీసేశా. బదులు చిన్న లీకులు. 1లో చంటి ఏ తలుపూ వెనక వేయడు, ఒక్క ప్యానెల్. 2లో మాట్లాడుతూ మోచేతులు గోక్కుంటాడు, ఊక దుమ్ము దురద, కారణం చెప్పను. 3లో హీరో చెల్లెలు హాస్టల్ గది గడియ వేసుకుంటుంది, చంటి బెలూన్ సగంలో ఆగిపోతుంది. హీరోతో ముడి: చిన్నప్పుడు ఊక గదిలోంచి చంటి తలుపు బాదుతుంటే విని కూడా వెళ్ళిపోయిన పిల్లాడు హీరో.

4వ సంచిక 18వ పేజీ స్క్రిప్టు:
ప్యానెల్ 1: గడియ, బయటి వైపు నుంచి, దగ్గరగా. తుప్పు. మాటల్లేవు.
ప్యానెల్ 2: తలుపు కింది సందు, లోపలి నుంచి. వెలుగు గీత. ఆ వెలుగులో ఊక నలకలు.
ప్యానెల్ 3: అదే. వెలుగు గీతలో రెండు పాదాల నీడ.
ప్యానెల్ 4: అదే. చప్పుడు: టక్.
ప్యానెల్ 5: చంటి, 8 ఏళ్ళు, మొహం. మేనేజరు బెలూన్ ప్యానెల్ బయటి నుంచి: "తిన్నావా నాన్నా?"

రబ్బరుముక్క
బాగుంది. 5లో మొహం వద్దు. 2, 3, 4 పట్టుకున్న కోణం వదిలేస్తే కట్టిన బిగువంతా జారిపోతుంది. 5 కూడా అదే సందు, వెలుగు వెడల్పు అవుతుంది, బెలూన్ తోక వెలుగులోంచి వస్తుంది. మొహం 19లో వేయండి, 19 బేసి పేజీ, ఎదురుగా కనపడినా నష్టం లేదు.

నలకలు పెన్నుతో చుక్కలు పెట్టకండి, వాన చినుకుల్లా ఉంటాయి. ఊక పొట్టు పడవ ఆకారంలో వంగి ఉంటుంది, దగ్గరివి నాలుగైదు ఆకారంతో వేసి దూరానివి చుక్కలుగా వదిలేయండి.

తలుపుసందు
శామ్ దారి అన్నావు సరే, మరి 5వ సంచికలో వాడి చేత ఏం చేయిస్తున్నావు? గాయం చూపించిన వెంటనే వాడు మంచి పని చేస్తే పాఠకుడికి క్షమించే తొందర వచ్చేస్తుంది. 4 తర్వాత వాడు చేసే మొదటి పని కథలోకెల్లా చెడ్డది కావాలి.

బొగ్గుపెన్సిల్
హీరో చెల్లెల్ని ఊక గదిలో పెట్టి చంటే గడియ వేస్తాడు. 5వ సంచిక, 22వ పేజీ.

మందులచీటీ
వేసేటప్పుడు వాడి మొహంలో ఆనందం పెట్టకు, బాధ కూడా పెట్టకు. పైన చెప్పిన మొద్దుబారడం ఇక్కడ వాడు.

కంపోజింగ్ కామేశం
22 సరి పేజీ, పేజీ తిప్పగానే పడుతుంది. కానీ ఎదురుగా 23 ఉంటుంది, అక్కడ "తరువాయి సంచికలో" అని పసుపు రంగు ప్రకటన పెట్టకండి మహాప్రభో. నల్లగా వదిలేయండి, 240 లెక్కలోనే.

అరసున్నా
ఆ పేజీలో చెల్లెలు అరిచే అరుపు బెలూన్‌లో పెట్టకు. తలుపు చెక్క మీదే అక్షరాలు రాయి, రామభద్ర, చెక్క గీతలు అక్షరాల మీదుగా పోవాలి. "అన్నా" అంటే చాలు. ఎవర్ని పిలిచిందో చంటికీ తెలియదు, హీరోకీ తెలియదు, 6లో తేల్చుకో.

ఫ్రేముబయట
@అరసున్నా అది లాక్కుంటా, నా కథకి.

బొగ్గుపెన్సిల్
@ఫ్రేముబయట ముట్టుకోకు. 4వ సంచిక 17 నుంచి 20 దాకా పెన్సిల్ పేజీలు అయ్యాక ఇక్కడే పెడతా. రబ్బరుముక్క, మిల్లు ప్లాను కూడా పెడతా, తలుపులు ఎటు తెరుచుకుంటాయో చూసి చెప్పాలి. ఊక గది తలుపు బయటికి తెరుచుకోవాలి కదా? లోపల ఊక నిండి ఉంటే లోపలికి రాదు.

రబ్బరుముక్క
బయటికే. గడియ బయటి వైపు, పైనా కిందా రెండు చోట్ల. పిల్లాడి ఎత్తుకి కింది గడియ దగ్గరే వెలుగు పడేలా చూసుకో.